కన్నవారి కంటికి ఆనని కిలోలు

కిందటి సంక్రాంతికి కడపలో మా అక్క ఇంటికి వెళ్లినప్పుడు, పదిహేనేళ్ల మేనల్లుడిని చూపించి వాళ్ల జేజి "ఇప్పుడు కదా నా మనవడు పుష్టిగా ఉండాడు" అని మురిసిపోయింది. పక్కనే ఉన్న పద్నాలుగేళ్ల మనవరాలిని చూసి మాత్రం "ఏం తింటాందో ఏమో, పుల్ల మాదిరి ఉంది" అని నిట్టూర్చింది. మా అక్క రెండింటికీ తలూపింది. అబ్బాయి ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 68 కిలోలు. కిలోల బరువును మీటర్లలోని ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే బీఎంఐ దాదాపు 25. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో 5 నుంచి 19 ఏళ్ల వారి కోసం ఇచ్చిన ప్రమాణాల్లో, ఆ వయసు అబ్బాయికి 23 దగ్గరే అధిక బరువు మొదలవుతుంది. అమ్మాయి 150 సెంటీమీటర్లు, 38 కిలోలు. బీఎంఐ 17కు దగ్గర. సన్నమే, కానీ హద్దుల్లోనే ఉంది.

ఈ పొరపాటు ఆ ఒక్క ఇంటిది కాదు. 69 అధ్యయనాలను కలిపి చూసి 2014లో 'పీడియాట్రిక్స్' పత్రిక ప్రచురించిన సమీక్ష ప్రకారం, అధిక బరువో ఊబకాయమో ఉన్న పిల్లల తల్లిదండ్రుల్లో సుమారు సగం మంది ఆ బరువును తక్కువగానే అంచనా వేస్తున్నారు. కన్ను కొలవదు, పోల్చుతుంది. వీధిలో పిల్లలంతా బొద్దుగా ఉంటే బొద్దుతనమే మామూలుగా కనిపిస్తుంది, రోజూ చూసే బిడ్డలో నెలకు అరకిలో పెరుగుదల అసలే ఆనదు. పైగా ఇది ఎత్తు ఒక్కసారిగా సాగే వయసు, ఆడపిల్లల్లో ఒంటి కొవ్వు సహజంగానే పెరిగే వయసు కావడంతో, "ఎదిగితే సర్దుకుంటుందిలే" అన్న మాట కొన్నిసార్లు నిజం కూడా అవుతుంది. పెద్దల హద్దులను పిల్లలకు వర్తింపజేయడం మరో చిక్కు: పెద్దవారికి బీఎంఐ 22 మామూలే, పన్నెండేళ్ల అబ్బాయికి అది అధిక బరువు. 1876-78 నాటి ధాత కరువును కథలుగా విన్న ఈ సీమలో ఒళ్లు చేయడం భాగ్యానికి గుర్తుగా మిగిలిపోవడంలో వింత లేదని నా ఊహ.

అయితే గుర్తించినంత మాత్రాన మేలు జరుగుతుందనుకోవడానికీ వీల్లేదు. ఆస్ట్రేలియా, ఐర్లాండ్ పిల్లలను ఏళ్ల తరబడి గమనించిన పరిశోధనలో, తల్లిదండ్రులు లావని భావించిన పిల్లలే తరువాతి కాలంలో మరింత బరువు పెరిగారు. ఆ పిల్లలు తాము లావని నమ్మి బరువు తగ్గించుకోవాలని ప్రయత్నించడం అందుకు కొంత కారణమని పరిశోధకులు భావించారు. అందుకే మా అక్క ఇప్పుడు తలుపు పక్కన గోడ మీద ఇద్దరి ఎత్తూ పెన్సిలుతో గీస్తోంది, బరువులను డాక్టరు దగ్గర పట్టికలోనే రాయిస్తోంది. జేజి ముందు ఆ అంకెల ఊసే ఎత్తదు.