గేమ్‌బాయ్ రీమేకులు: ఏది ఉంచాలి, ఏది తీసేయాలి

నింటెండో చేతి ఆటయంత్రం గేమ్‌బాయ్‌లో 1993లో వచ్చిన జెల్డా ఆట ‘లింక్స్ అవేకనింగ్’ ఆడినవాళ్లకు ఒక చికాకు బాగా గుర్తుండే ఉంటుంది. దారికి అడ్డంగా ఓ బరువైన రాయి. దాన్ని ఎత్తాలంటే చేతికి కంకణం ఉండాలి. ఏ, బి అని ఉన్నవే రెండు బటన్లు, వాటికి కత్తి, డాలు తగిలించి ఉన్నాయి. స్టార్ట్ నొక్కి, మెనూలో డాలు తీసి కంకణం పెట్టి, బయటికొచ్చి రాయి ఎత్తాలి. నాలుగడుగులు వేసేసరికి ఎదురుగా శత్రువు. మళ్లీ మెనూ, మళ్లీ డాలు. ఆట అయ్యేదాకా ఇదే తంతు. 2019లో నింటెండో స్విచ్‌కి వచ్చిన రీమేక్‌లో, అంటే అదే ఆటను కొత్తగా తయారుచేసిన దానిలో, ఈ గొడవ లేదు. కత్తికో బటన్, డాలుకో బటన్. కంకణం ఒకసారి దొరికితే ఇక ఎప్పుడూ చేతికే ఉంటుంది. పాత పద్ధతే బాగుందని వాదించినవాళ్లు నాకైతే ఎదురుపడలేదు.

అదే రీమేక్‌లో పోయిన ఇంకో సంగతి మాత్రం అంత తేలిగ్గా తేలలేదు. పాత ఆటలో కథ జరిగే ద్వీపం అడ్డంగా 16, నిలువుగా 16, మొత్తం 256 గళ్లు. ఒక్కో గడి ఒక్కో తెర. అంచుకు చేరితే తెర జరిగి పక్క గడి వచ్చేది. అటువైపు పొద ఉందో, గొయ్యి ఉందో, కత్తి దూసి నిలబడ్డ పందిమొహం వాడున్నాడో అడుగు పెడితే గానీ తెలియదు. కొత్తదానిలో ఆరుబయట కెమెరా హీరో లింక్ వెంటే నడుస్తుంది, రాబోయేది ముందే కనిపిస్తుంది. ఆ గళ్లు యంత్రం పెట్టిన హద్దా, ఆటలోని సరదాలో భాగమా? చేతిలో పట్టుకుని ఆడే పాత గేముల్ని మళ్లీ తయారుచేయబోయిన ప్రతివాళ్లకూ ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో ఎదురవుతుంది. ఇలాంటి రీమేకులు అమ్ముడయ్యేది పాత జ్ఞాపకాల వల్లేననే మాటా వినిపిస్తుంటుంది.

హద్దులు ఎంత గట్టివో తెలియాలంటే 1989కి వెళ్లాలి. ఆ ఏడాది ఏప్రిల్‌లో జపాన్‌లో గేమ్‌బాయ్ వచ్చింది. గున్పే యొకోయ్ బృందం తయారుచేసిన ఆ యంత్రం తెర 160 అడ్డం, 144 నిలువు పిక్సెల్స్. రంగుల్లేవు, పచ్చటి తెర మీద నాలుగు ఛాయలు, అంతే. తెర వెనక లైటు ఉండదు కాబట్టి కిటికీ దగ్గరికో దీపం కిందికో జరిగి ఆడాలి. బొమ్మ వేగంగా కదిలితే వెనక మసక చార మిగిలేది. ఇన్ని లోపాలున్నా నాలుగు పెన్సిల్ బ్యాటరీలతో గంటల తరబడి నడిచేది. రంగుల తెరతో వచ్చిన పోటీ యంత్రాలు బ్యాటరీలను తినేసి వెనకబడ్డాయి.

‘లింక్స్ అవేకనింగ్’ పుట్టుక కూడా ఇలాంటి ఇరుకులోనే. ఇంటి టీవీకి తగిలించే యంత్రం మీద జెల్డా ఆట 1991లో వచ్చాక, కజువాకి మొరిటా అనే ప్రోగ్రామర్ గేమ్‌బాయ్ మీద అలాంటిది సాధ్యమా అని పనివేళలు అయ్యాక ప్రయత్నించడం మొదలుపెట్టాడు. మిగతావాళ్లూ చేరారు. స్కూలు వదిలాక పిల్లలు క్లబ్బులో కూడినట్టుండేదని ఆ తర్వాత వాళ్లే చెప్పుకున్నారు. పెద్ద ప్రాజెక్టు కాదు కాబట్టి ఎవరూ అంతగా పట్టించుకోలేదు, ఆ స్వేచ్ఛ ఆటలో కనిపిస్తుంది. జెల్డా ఆటల్లో మామూలుగా ఉండే యువరాణి జెల్డా లేదు, విలన్ గానన్ లేడు. మారియో ఆటల్లోని శత్రువులు ఇందులోనూ తిరుగుతుంటారు. అనుమానంగా ఉండే మనుషులతో నిండిన చిన్న ఊరు కావాలని, టీవీ సీరియల్ ‘ట్విన్ పీక్స్’ని మనసులో పెట్టుకుని దర్శకుడు తకాషి తెజుకా అడిగాడు. ఇదంతా 512 కిలోబైట్ల కార్ట్‌రిడ్జ్‌లో సర్దారు. ఇప్పుడు ఫోన్‌లో తీసే ఒక్క ఫొటో అంతకంటే బరువు.

ఇంత తక్కువ చోటులో గీసిన బొమ్మ సగమే బొమ్మ. మిగతా సగం ఆడేవాడు ఊహించుకుంటాడు. ద్వీపంలోని అమ్మాయి మారిన్ పాట పాడుతుంటే నాలుగు ఛాయల చుక్కల్లో మనకు సముద్రం కనిపించేది. ఈ ఊహే రీమేకులకు గిరాకీ తెస్తుంది, ఇబ్బందీ తెస్తుంది. టీవీ గేమ్‌ని బాగుచేస్తే ఉన్న బొమ్మ స్పష్టమవుతుంది. గేమ్‌బాయ్ గేమ్‌ని బాగుచేయాలంటే ఎప్పుడూ లేని బొమ్మను కొత్తగా గీయాలి, అది ఎవరి ఊహతో సరిపోవాలి?

2019 రీమేక్ తయారుచేసిన గ్రెజ్జో సంస్థ ఈ చిక్కును తెలివిగా దాటింది. ద్వీపాన్ని బల్ల మీద పేర్చిన ప్లాస్టిక్ బొమ్మల కొలువులా చేసి, తెర పైఅంచు, కింది అంచు మసకబార్చింది. నిజమైన సముద్రం, నిజమైన అడవి గీసి ఉంటే తేలిపోయేది. ఆ ద్వీపమంతా ఒక కల అని కథలోనే తేలుతుంది కాబట్టి బొమ్మల లోకంలా ఉండటం దానికి నప్పింది. ఊళ్లోకి అడుగు పెట్టినప్పుడల్లా ఫ్రేమ్ రేట్ పడిపోయి కదలిక తడబడటం మాత్రం నప్పలేదు. చిన్న ఆటకు పెద్ద ఆట ధర, 60 డాలర్లు పెట్టడం మీదా గొణుగుడు వినిపించింది. అయినా 2020 మార్చి నాటికి 43 లక్షలకు పైగా అమ్ముడైంది. కొన్నవాళ్లంతా 1993లో గేమ్‌బాయ్ పట్టుకున్నవాళ్లే అనుకోలేం కదా.

పాత జ్ఞాపకాలే కారణమనే మాట సగమే నిజమని నాకనిపించడానికి ఇంకో కారణం ఉంది. గేమ్‌బాయ్‌లోని కొన్ని హద్దులు ఎప్పుడో హద్దులుగా ఉండటం మానేశాయి. 1991 నాటి ‘మెట్రాయిడ్ 2’ చూడండి. అంతకుముందు ఆటలో హీరోయిన్ సామస్ కొత్త కవచం వేసుకుంటే రంగు మారేది. గేమ్‌బాయ్‌లో రంగే లేదు. అందుకని భుజాలను గుండ్రంగా, పెద్దగా గీశారు. ఆ తర్వాత రంగుల యంత్రాలు ఎన్ని వచ్చినా ఆ భుజాలు పోలేదు, ఇప్పుడు సామస్ అంటే ఆ భుజాలే. అదే ఆటలో మ్యాప్ లేదు. గుహల్లో తప్పిపోయి, ఎక్కడున్నామో తెలియక టెన్షన్ పడటమే దాని రుచి. 2016లో అభిమాని ఒకరు ఏళ్ల తరబడి కష్టపడి చేసిన రీమేక్‌లోనూ, 2017లో అధికారికంగా వచ్చిన ‘సామస్ రిటర్న్స్’లోనూ మ్యాప్ పెట్టారు. రెండూ మంచి ఆటలే. ఆ ఒంటరితనం మాత్రం రెండింట్లోనూ పలచబడింది.

‘ఫైనల్ ఫాంటసీ అడ్వెంచర్’ది ఇంకో కథ. 1991 నాటి ఈ గేమ్‌బాయ్ ఆటను 2003లో ‘స్వోర్డ్ ఆఫ్ మానా’గా తీస్తూ కథను బాగా సాగదీశారు. 2016లో మళ్లీ తీసినప్పుడు వెనక్కి తగ్గి, పాత ఆటకు దగ్గరగానే ఉండిపోయారు.

రీమేకులకు ఇంత ఎదురుచూపు ఉండటానికి ఒక మామూలు కారణం కూడా ఉంది: అసలు ఆటలు దొరకవు. అమెరికాలో వచ్చిన గేమ్‌బాయ్ ఆటల్లో ఆరు శాతం కూడా అప్పటికి మార్కెట్‌లో కొనడానికి లేవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. పాత గేమ్‌బాయ్ ఆటలూ దొరికే, నింటెండో చేతి యంత్రం 3డీఎస్ ఆన్‌లైన్ దుకాణం అదే ఏడాది మార్చిలో మూతపడింది. పాత కార్ట్‌రిడ్జ్ దాచుకున్నా, ఆటను సేవ్ చేసే బిళ్ల బ్యాటరీ ఏదో రోజు అయిపోతుంది, దాంతో పాటు ఆడినదంతా పోతుంది.

2023 డిసెంబరులో ఒక అభిమాని ‘లింక్స్ అవేకనింగ్’ రంగుల వెర్షన్‌ని కంప్యూటర్‌లో నడిచేలా చేసి విడుదల చేశాడు. బొమ్మలు పాతవే, కదలిక మాత్రం నున్నగా ఉంటుంది. కొద్ది రోజులకే నింటెండో దాన్ని తీసేయించింది. అందులో కెమెరాను వెనక్కి లాగుతూ పోతే గళ్ల మధ్య గోడలు మాయమై, ద్వీపమంతా ఒకే తెర మీద కనిపించేది. చూడటానికి ముచ్చటేసింది. పొద వెనక ఎవరున్నారో కూడా అక్కణ్నుంచే కనిపించింది.