కుక్క పొట్ట: అపోహలు - వాస్తవాలు

క్లినిక్‌కి వచ్చే కుక్కల్లో వాంతులు, విరేచనాలతో వచ్చేవి బోలెడు. "ఏం పెట్టారు?" అని అడిగితే "ఎప్పుడూ పెట్టేదే డాక్టర్‌గారూ" అంటారు. కాసేపు మాట్లాడితే ఒక్కొక్కటే బయటికొస్తుంది. మొన్న ఫుడ్ మార్చారు, రాత్రి మిగిలిన మాంసం పెట్టారు, పొద్దున ఎవరో చెప్పారని ఒక మాత్ర వేశారు. కుక్క మీద ప్రేమ లేక కాదు, ఎక్కడో విన్న మాట నమ్మి. తరచూ నా చెవిన పడే అలాంటి మాటలు కొన్ని చూద్దాం.

అపోహ: కుక్క తోడేలు జాతిది, మాంసం తప్ప ఏదీ అరగదు

తోడేలు సంతతే, కానీ మనిషి పక్కన వేల ఏళ్లు బతికాక పొట్ట కూడా మారింది. 2013లో నేచర్ పత్రికలో స్వీడన్ పరిశోధకులు ఒక విషయం బయటపెట్టారు. పిండి పదార్థాన్ని విడగొట్టే అమైలేజ్ ఎంజైమ్‌కి సంబంధించిన జన్యువు తోడేళ్లలో 2 ప్రతులుంటే, కుక్కల్లో 4 నుంచి 30 దాకా ఉన్నాయి. కుక్క లాలాజలంలో ఈ ఎంజైమ్ దాదాపు ఉండదు. పైగా దాని దవడ అటూ ఇటూ కదలదు. అందుకే 42 పళ్లున్నా మనలా నమలదు, తుంచి మింగేస్తుంది. పిండి పదార్థం అరిగేదంతా చిన్నపేగులోనే, క్లోమం నుంచి వచ్చే రసాలతో. అన్నం, దుంపలు బాగా ఉడికితే చక్కగా అరుగుతాయి. పచ్చివి సరిగా అరగవు, పేగుల్లో పులిసి గ్యాస్ పట్టిస్తాయి.

అలాగని ఒట్టి అన్నంతో పెంచితే ప్రొటీన్ చాలదు. ఒట్టి మాంసంతో పెంచినా ప్రమాదమే. మాంసంలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం బాగా తక్కువ. అలా పెరిగిన కుక్కపిల్లలు కాళ్లు వంకరపోయి, ఎముకలు విరిగి మా దగ్గరికి వస్తాయి.

అపోహ: దాని కడుపులో యాసిడ్ ఘాటు, పచ్చి మాంసమైనా ఎముకైనా కరిగిపోతుంది

యాసిడ్ ఘాటైనదే, కానీ మన కడుపులోదీ తక్కువేం కాదు. పచ్చి మాంసంలోని సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఆ యాసిడ్‌ని తప్పించుకుని పేగుల్లోకి చేరగలదు. కుక్క హాయిగా తిరుగుతూనే మలంలో దాన్ని వదులుతుంది. ఇంట్లో పసిపిల్లలో, వయసు మళ్లినవాళ్లో ఉంటే ఇది చిన్న విషయం కాదు.

ఎముక మెత్తబడటానికి గంటలు పడుతుంది. ఉడికిన ఎముక పెళుసుగా మారి సూదుల్లా చీలుతుంది, గొంతులోనో పేగులోనో గుచ్చుకోవడానికి అంత సమయం అక్కర్లేదు. గుచ్చుకోకుండా దిగినా, మలం సుద్దముక్కలా తెల్లగా గట్టిపడి కుక్క ముక్కీ మూలిగీ అవస్థ పడుతుంది. పచ్చి ఎముక అంతగా చీలదు గానీ పళ్లు విరగ్గొడుతుంది. కొరకడానికి ఏదైనా ఇచ్చే ముందు బొటనవేలి గోరుతో నొక్కి చూడండి. నొక్కు పడకపోతే అది కుక్క పళ్లకి గట్టిదే.

అపోహ: నోట్లోంచి వచ్చిందంతా వాంతే

వాంతి వేరు, తిన్నది కడుపుదాకా వెళ్లకుండానే వెనక్కి రావడం వేరు. ఈ తేడా ఓనర్లకి తెలిస్తే మా పని సగం అయిపోతుంది. వాంతికి ముందు కుక్క పెదవులు నాక్కుంటుంది, చొంగ కారుస్తుంది, గుటకలు మింగుతుంది. తర్వాత డొక్కలు లోపలికి పీక్కుపోతూ నాలుగైదు సార్లు ఓకరించి అప్పుడు కక్కుతుంది. వచ్చింది సగం అరిగి ఉంటుంది, ఒక్కోసారి పసుపు పైత్యం కలిసి ఉంటుంది.

రెండోరకంలో ఈ హడావుడేమీ ఉండదు. తిన్న కాసేపటికో, ఒక్కోసారి గంటల తర్వాతో తల వంచుతుంది, తిన్నది జారిపడుతుంది. గింజలు ఇంకా గింజల్లాగే, జిగురు పట్టి, గొట్టంలోంచి తీసినట్టు పొడుగ్గా ఉంటాయి. అంటే ఆహారం కడుపుదాకా వెళ్లనేలేదు, తేడా అన్నవాహికలో ఉంది. దీనికి వాంతుల మందు పనిచేయదు. పైగా ఆ తిండి ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది. మాటల్లో చెప్పడం కష్టమనిపిస్తే ఫోన్‌లో వీడియో తీసి చూపించండి, అంతకంటే మంచి ఆధారం లేదు.

తెల్లవారుజామున పసుపు నురగ మాత్రమే కక్కి, తర్వాత మామూలుగా తిని ఆడుకునే కుక్కలుంటాయి. చాలాసార్లు రాత్రంతా కడుపు ఖాళీగా ఉండటమే కారణం. పడుకునే ముందు కొంచెం తిండి పెట్టి చూడండి. అయినా ఆగకపోతే పరీక్ష చేయించాలి.

అపోహ: గడ్డి తింటోందంటే కడుపులో బాగాలేనట్టే

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు 1,500 మందికి పైగా కుక్కల యజమానుల్ని అడిగి 2008లో ఫలితాలు ప్రచురించారు. గడ్డి తినే ముందు కుక్క తరచూ నలతగా కనిపిస్తుందని చెప్పినవాళ్లు 9 శాతం. తిన్నాక తరచూ వాంతి చేసుకుంటుందని చెప్పినవాళ్లు 22 శాతం. మిగతా కుక్కలకి గడ్డి తినడం మామూలు అలవాటే. నాకు టెన్షన్ గడ్డితో కాదు, దాని మీద కొట్టిన కలుపు మందుతో. ఎప్పుడూ లేనిది ఆత్రంగా గడ్డి పీకి మింగుతుంటే మాత్రం చూపించండి.

అపోహ: విరేచనాలైతే ఒక రోజు పస్తు పెట్టి, ఒక మాత్ర వేస్తే సరి

పస్తు పెట్టమని ఒకప్పుడు డాక్టర్లమే చెప్పేవాళ్లం. ఇప్పుడు ఆ సలహా మారింది. పేగు లోపలి పొర తనకి కావలసిన పోషణలో చాలా భాగం తన గుండా వెళ్లే ఆహారం నుంచే తీసుకుంటుంది. అది ఆగిపోతే పొర మరింత దెబ్బతింటుంది. అందుకే కొవ్వు లేని, తేలిగ్గా అరిగే తిండి కొంచెం కొంచెంగా నాలుగైదు సార్లు పెట్టమంటున్నాం. ఆగకుండా వాంతులవుతుంటే సంగతి వేరు, అప్పుడు తిండి ఆపి డాక్టర్‌కి ఫోన్ చేయాలి. కుక్కపిల్లని మాత్రం పస్తు ఉంచకండి, రక్తంలో చక్కెర పడిపోతుంది. టీకాలు పూర్తికాని పిల్ల నలతపడి, వాంతులు, విరేచనాలు మొదలైతే పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బు కావచ్చు. తెల్లారేదాకా ఆగొద్దు.

ఇక మాత్రల సంగతి. చురుగ్గా ఉన్న పెద్ద కుక్కకి హఠాత్తుగా మొదలైన విరేచనాలు చాలావరకు కొన్ని రోజుల్లో వాటంతటవే తగ్గుతాయి. మెట్రోనిడజోల్ అనే యాంటీబయోటిక్ వేస్తే తగ్గిందని అనుకుంటాం గానీ, అది పేగుల్లోని మంచి బ్యాక్టీరియాని కూడా వారాల తరబడి చెదరగొడుతుంది. మనుషుల విరేచనాల మందు లోపెరమైడ్, కోలీ లాంటి జాతుల్లో, ఒక జన్యులోపం ఉంటే, మెదడుకెక్కి మత్తు కమ్మిస్తుంది. మన నొప్పి మాత్ర ఐబుప్రోఫెన్ కడుపులో పుండ్లు చేస్తుంది.

మాత్ర వేసే బదులు మలాన్ని గమనించండి. మాటిమాటికీ పరుగెత్తి, ముక్కి ముక్కి, జిగురుతో కొంచెమే వస్తే గొడవ పెద్దపేగులో ఉన్నట్టు. నీళ్లలా ఎక్కువెక్కువగా పోతూ, రోజులు గడిచేకొద్దీ చిక్కిపోతుంటే చిన్నపేగులో. తారులా నల్లగా, జిగటగా ఉంటే కడుపులోనో చిన్నపేగు పైభాగంలోనో రక్తం కారుతోందని అర్థం, వెంటనే బయల్దేరాలి.

అపోహ: రోజూ ఒకటే తింటే బోరు కొడుతుంది, మారుస్తూ ఉండాలి

బోరు మనకి. కుక్క నాలుక మీద రుచి మొగ్గలు సుమారు 1,700, మనకి సుమారు 9,000. ఏ తిండికి తగ్గ బ్యాక్టీరియా ఆ పేగుల్లో పెరిగి ఉంటుంది. ఒక్కసారిగా ఫుడ్ మారిస్తే అరగని భాగం కిందికి జారి విరేచనాలవుతాయి. మార్చక తప్పనప్పుడు 7 నుంచి 10 రోజులు తీసుకోండి. మొదట పాతదాంట్లో పావువంతు కొత్తది, తర్వాత సగం, తర్వాత ముప్పావు. మధ్యలో మలం పలచబడితే రెండు రోజులు అక్కడే ఆగండి.

అపోహ: ధాన్యం లేని ఫుడ్ పొట్టకి మంచిది

ఆహార అలర్జీ ఉన్న కుక్కల్లో ఎక్కువగా కనిపించే కారకాలు గొడ్డుమాంసం, పాల పదార్థాలు, కోడిమాంసం. గోధుమ వాటి తర్వాతే. ధాన్యం బదులు బఠాణీ, పప్పు జాతులు దండిగా వేసిన ఫుడ్స్‌కీ గుండె కండరాల జబ్బుకీ సంబంధం ఉందేమోనని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో హెచ్చరించింది కూడా. అది పూర్తిగా తేలలేదు గానీ, కారణం లేకుండా ధాన్యం మానేయమని నేనైతే చెప్పను.

అపోహ: పాలు బలం

తల్లిపాలు మానేశాక, పాలలోని చక్కెరని అరిగించే లాక్టేజ్ ఎంజైమ్ తగ్గిపోతుంది. కొన్ని కుక్కలకి పడతాయి, చాలావాటికి విరేచనాలే.

అపోహ: కొంచెం రుచి చూపిస్తే ఏమవుతుంది?

ఏది చూపించారన్నదే ప్రశ్న. ద్రాక్ష, కిస్‌మిస్ కిడ్నీలని దెబ్బతీస్తాయి, ఎంత తింటే ప్రమాదమో ముందుగా అంచనా కట్టలేం. ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాల్ని పగలగొడతాయి. అది బయటపడేది రోజుల తర్వాత, ఈలోగా తిన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. చక్కెర లేని చూయింగ్ గమ్‌లో ఉండే జైలిటాల్ అనే తీపి పదార్థం అరగంటలోపే షుగర్ పడగొట్టగలదు. చాక్లెట్ ఎంత నల్లగా ఉంటే అంత విషం. బాగా కొవ్వున్న మాంసం పెడితే క్లోమం వాయవచ్చు. అప్పుడు కుక్క ముందుకాళ్లు నేలకి ఆనించి, వెనకభాగం పైకెత్తి, దణ్ణం పెడుతున్నట్టు నిలబడుతుంది. ఆడుకుందాం రమ్మంటోందని పొరబడేవాళ్లున్నారు.

అపోహ: పొట్ట ఉబ్బితే గ్యాసే, తిప్పితే పోతుంది

గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్ లాంటి లోతైన ఛాతీ ఉన్న పెద్ద కుక్కల్లో కడుపు గాలితో ఉబ్బి మెలితిరిగిపోవచ్చు. కుక్క కుదురుగా ఉండదు. పదేపదే ఓకరిస్తుంది, కానీ నురగ తప్ప ఏమీ రాదు. పక్కటెముకల వెనక తట్టితే డప్పులా మోగుతుంది. ఆపరేషన్ తప్ప దారి లేదు, గంటల్లోనే ప్రాణం పోతుంది. రోజుకి ఒక్కసారే బోలెడంత పెట్టడం, ఆబగా తినడం ఈ ముప్పుని పెంచుతాయి. గిన్నె ఎత్తులో పెడితే రాదని చాలామంది నమ్ముతారు. 2000లో వచ్చిన పర్డ్యూ విశ్వవిద్యాలయ అధ్యయనంలో, ఎత్తులో తినే పెద్ద కుక్కల్లోనే ముప్పు ఎక్కువగా కనబడింది.

అపోహ: వెనకభాగం నేలకి రాస్తోందంటే పురుగులే

ఎక్కువసార్లు అది మలద్వారం పక్కనున్న గ్రంథులు నిండటం వల్ల. పురుగులు కంటికి కనబడకుండానే ఉండొచ్చు. ఏలికపాములు తల్లి కడుపులో ఉండగానే పిల్లలకి చేరతాయి, అందుకే రెండు వారాల వయసు నుంచే మందు మొదలుపెడతాం. బద్దెపురుగు ముక్కలు మలం మీద బియ్యపు గింజల్లా కదులుతుంటే, బొచ్చులో ఉండి రక్తం తాగే ఫ్లీ పురుగుల్ని కూడా వదిలించాలి. ఆ రకం బద్దెపురుగు వాటి ద్వారానే వస్తుంది. అనుమానముంటే ఆ రోజు మలం కొంచెం మూతున్న డబ్బాలో పెట్టి తెచ్చేయండి, మైక్రోస్కోప్ కింద గుడ్లు కనబడతాయి.