వాతావరణ చర్యల లెక్కలు: అపోహలు, వాస్తవాలు

దేశం చేపట్టిన ఉద్గార తగ్గింపు చర్యలను గమనించడం, వాటి ఫలితాన్ని టన్నుల్లో లెక్కకట్టడం, ఆ లెక్కను మరొకరు మొదటినుంచి చేసి చూసుకునేలా రాసిపెట్టడం నా వృత్తి. బెంగళూరులో ఈ రంగంలో ఉన్నవాళ్లం దీన్ని ఎంఆర్‌వీ అంటాం. పర్యవేక్షణ, నివేదన, ధ్రువీకరణ అనే మూడు పనులకు అది పొట్టిపేరు. మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్‌లోని తెలుగు కుటుంబాలవారు, కోలారు జిల్లాలో ముల్బాగల్ దగ్గర పాడి చేసుకునే మా మేనమామ, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇంజినీర్లు నన్ను అడిగే ప్రశ్నల్లో కొన్ని అపోహలు పదేపదే కనిపిస్తుంటాయి. అంకె ఒక్కటే అచ్చయి, దాన్ని ఏ షరతుల మీద లెక్కకట్టారో అచ్చుకాకపోవడమే వాటిలో చాలావాటికి మూలమని నా అభిప్రాయం.

అపోహ: భారతదేశపు ఉద్గారాలు 36 శాతం తగ్గాయి.

వాస్తవం: 2024 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒప్పందపు సచివాలయానికి మన దేశం సమర్పించిన నాలుగో ద్వైవార్షిక నివేదికలో 36 శాతం అనే అంకె ఉన్న మాట నిజమే. అయితే 2005కూ 2020కీ మధ్య అంతమేర తగ్గింది ఉద్గార తీవ్రత, అంటే స్థూల దేశీయోత్పత్తిలో ఒక్కో రూపాయి విలువకు వెలువడే వాయువుల పరిమాణం. మొత్తం ఉద్గారాలు ఆ కాలంలో పెరిగాయి. ఇంకా వెనక్కి చూస్తే, 1994 సంవత్సరానికి మన మొదటి జాతీయ నివేదిక చూపిన మొత్తం, అన్ని వాయువులనూ కార్బన్ డయాక్సైడ్‌కు సమానంగా మార్చిన లెక్కలో, సుమారు 123 కోట్ల టన్నులు. అడవులనూ భూ వినియోగాన్నీ పక్కనపెడితే 2020కి అది సుమారు 296 కోట్ల టన్నులు. దేశం ఇచ్చిన మాట కూడా తీవ్రత గురించే: 2005తో పోలిస్తే 2030 నాటికి దాన్ని 45 శాతం తగ్గిస్తామని 2022 ఆగస్టులో సవరించిన లక్ష్యంలో చెప్పాం. కాబట్టి ఉత్పత్తి వేగంగా పెరుగుతున్న దేశంలో లక్ష్యం నెరవేరుతూనే మొత్తం ఉద్గారాలు పెరగడంలో వైరుధ్యమేమీ లేదు, దాచవలసిందీ లేదు. ఏది తగ్గిందో పేరు పెట్టి చెప్పడమే కావలసింది.

అదే నివేదిక ప్రకారం 2019తో పోలిస్తే 2020లో మొత్తం ఉద్గారాలు 7.93 శాతం తగ్గాయి. అది కోవిడ్ లాక్‌డౌన్ల ఏడాది. దాన్ని విధానాల విజయంగా చూపేవారినీ, ఆ ఒక్క ఏడాదిని ఆధారం చేసుకుని భవిష్యత్తుకు గీత గీసేవారినీ చూశాను, రెండూ తప్పే.

అపోహ: ఒక్కో పథకం తగ్గించిన టన్నులను కూడితే దేశం మొత్తం తగ్గించినది వస్తుంది.

వాస్తవం: మా పనిలో అన్నిటికంటే ఎక్కువ హాని చేసే అపోహ ఇదే కనుక దీని దగ్గర కొంచెం నిలబడతాను. మేము రెండు వేర్వేరు పద్దులు రాస్తాం. మొదటిది ఇన్వెంటరీ: ఫలానా ఏడాది దేశంలో ఎంత బొగ్గు, డీజిల్, గ్యాస్ కాలింది, ఎంత సిమెంటు తయారైంది, ఎన్ని పశువులున్నాయి అన్న వివరాల నుంచి నిజంగా వెలువడిన వాయువులను అంచనా కడతాం. రెండోది చర్యల పద్దు: ఒక పథకం లేకపోతే ఎంత వెలువడి ఉండేదో ఊహించి, అందులోంచి వెలువడినదాన్ని తీసివేస్తాం. ఆ జరగని స్థితినే బేస్‌లైన్ అంటాం. దాన్ని ఏ మీటరూ కొలవదు. కాబట్టి తగ్గింపు అనే ప్రతి అంకెలోనూ సగం భాగం కొలత, సగం భాగం వాదన. ఆ వాదనను తెరిచి చూపనంతవరకూ అంకెకు విలువ లేదు.

ఉజాలా పథకాన్ని తీసుకుందాం. 2015 జనవరిలో మొదలైన ఈ పథకం కింద 36 కోట్లకు పైగా ఎల్ఈడీ బల్బులు పంపిణీ అయ్యాయి. ఒక ఇంట్లో 60 వాట్ల పాత తీగ బల్బు తీసి 9 వాట్ల ఎల్ఈడీ పెట్టారనుకోండి. రోజుకు నాలుగు గంటల చొప్పున ఏడాదిలో 300 రోజులు వెలిగితే సుమారు 61 యూనిట్లు ఆదా అవుతాయి. మన గ్రిడ్‌లో యూనిట్‌కు దాదాపు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది కనుక ఆ బల్బు ఏడాదికి 43 కిలోలు ఆపినట్టు. అదే ఇంట్లో అంతకుముందు 14 వాట్ల సీఎఫ్ఎల్ ఉండి ఉంటే ఆదా 6 యూనిట్లు, ఆగినది సుమారు 4 కిలోలు. బల్బు అదే, ఇల్లు అదే, పంపిణీ రిజిస్టరులో పడే గీత అదే. ఫలితం మాత్రం పదింతలు మారిపోయింది. మార్చింది ఒకే ఒక్క ప్రశ్న: ఏ బల్బు తీసి ఇది పెట్టారు? ఆ ప్రశ్న పంపిణీ రోజున అడగకపోతే, తరువాత ఎంత పెద్ద సర్వే చేసినా పూర్తి సమాధానం రాదు.

ఇక రెండు పథకాలు ఒకే టన్నును పంచుకునే చిక్కు ఉంది. గ్రిడ్‌లో సౌర విద్యుత్తు పెరిగేకొద్దీ యూనిట్‌కు వెలువడే 0.7 కిలోలు తగ్గుతుంది, దానితోపాటు ప్రతి బల్బూ ఆపే కిలోలూ తగ్గుతాయి. సౌర విద్యుత్తు లెక్కను ఒక గదిలోనూ బల్బుల లెక్కను మరో గదిలోనూ కూర్చుని విడివిడిగా చేస్తే, పాత 0.7 గుణకంతో ఇద్దరూ ఒకే బొగ్గును ఆపినట్టు రాసుకుంటారు. ఫ్యాక్టరీల ఇంధన పొదుపుకు సంబంధించిన పాట్ పథకంలోనూ ఇదే ప్రమాదం ఉంది. ఫ్యాక్టరీ తన పైకప్పు మీద సౌర పలకలు పెట్టుకుంటే అది ఏ పద్దులోకి వెళ్లాలో ముందే నిర్ణయించుకోవాలి. అందుకే చర్యల టన్నులను ఒకదాని పక్కన ఒకటి చూపవచ్చు గాని, పరస్పర ప్రభావం తీసివేయకుండా కూడకూడదు. కూడినా ఆ మొత్తాన్ని ఇన్వెంటరీ నుంచి మళ్లీ తీసివేయకూడదు. వెలిగిన బల్బుకు తక్కువ బొగ్గు కాలిన సంగతి ఇన్వెంటరీలో అప్పటికే చేరిపోయి ఉంటుంది.

అపోహ: విద్యుత్ సామర్థ్యంలో సగం శిలాజేతరం (బొగ్గు, గ్యాస్, చమురు కానిది) అయింది కాబట్టి మన కరెంటులో సగం బొగ్గు లేనిదే.

వాస్తవం: స్థాపిత సామర్థ్యంలో 50 శాతం మైలురాయిని దేశం 2025 మధ్యనాటికి, అంటే 2030 గడువుకు ఐదేళ్ల ముందే దాటింది. మా రంగంలో అందరికీ సంతోషం కలిగించిన విషయమది. కానీ సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. తుమకూరు జిల్లాలో, ఇంటింటా తెలుగు వినిపించే పావగడ తాలూకాలో, రైతుల నుంచి కౌలుకు తీసుకున్న సుమారు 13 వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల సౌర పార్కు ఉంది. ఒక మెగావాట్ యంత్రం ఏడాది పొడవునా ఆగకుండా నడిస్తే 87.6 లక్షల యూనిట్లు రావాలి. రాత్రులు, మబ్బులు, దుమ్ము అన్నీ పోగా సౌర పలకలకు వచ్చేది అందులో ఇంచుమించు ఐదో వంతు. అందుకే దేశంలో ఉత్పత్తయ్యే యూనిట్లలో బొగ్గు వాటా ఇప్పటికీ 70 శాతానికి అటూఇటుగా ఉంది. టన్నులు లెక్కకట్టేటప్పుడు మెగావాట్లు మాకు ఉపయోగపడవు. మీటరులో పడిన యూనిట్లే కావాలి.

అపోహ: నివేదిక ఇవ్వడమంటే ధనిక దేశాల ముందు దోషిగా నిలబడటం.

వాస్తవం: పారిస్ ఒప్పందంలోని 13వ అధికరణం ఈ పారదర్శకత ఏర్పాటు సహాయకంగా ఉండాలనీ, శిక్షించేదిగా ఉండకూడదనీ, దేశాల సార్వభౌమత్వాన్ని గౌరవించాలనీ స్పష్టంగా చెబుతోంది. 2018లో పోలండ్‌లోని కటోవిట్సేలో కుదిరిన నియమాల ప్రకారం సమీక్షకు వచ్చే నిపుణులు ఒక దేశపు లక్ష్యం చాలునా చాలదా అన్న తీర్పు చెప్పకూడదు. ప్రతి చర్యకూ వారు చూసేది పేరు, ఉద్దేశం, అది నియంత్రణ నియమమా, ఆర్థిక సాధనమా, ప్రణాళికలో ఉందా అమలవుతోందా, ఏ రంగం, ఏ వాయువు, ఎప్పుడు మొదలైంది, ఎవరు అమలు చేస్తున్నారు అన్న వివరాలు. వీలైనంతవరకు టన్నుల అంచనా, దాని పద్ధతి.

అపోహ: మంచి దాణా పెడితే, మడిని ఆరగడితే ఆ తగ్గింపు దానంతటదే దేశం లెక్కలోకి వస్తుంది.

వాస్తవం: “అల్లుడూ, మా ఆవుల త్రేన్పులు కూడా రాసుకుంటున్నారటగదా, నేను మేత మార్చింది కూడా రాసుకున్నారా?” అని మా మేనమామ అడిగిన ప్రశ్నకు నిజాయితీగా ఇవ్వగలిగిన సమాధానం, లెక్క ఏ అంచెలో చేస్తున్నామన్నదాన్ని బట్టి ఉంటుంది అన్నదే. వాతావరణ మార్పుపై అంతర్‌ప్రభుత్వ సంఘం 2006లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మూడు అంచెలున్నాయి. మొదటి అంచెలో భారత ఉపఖండపు పాడి ఆవు ఒక్కొక్కటికి ఏడాదికి 58 కిలోల మీథేన్ అని ఒక సగటు ఉంది; ఉత్తర అమెరికా ఆవుకు అది రెండింతలకు పైగా ఉంటుంది. ఆవుల సంఖ్యను ఆ సగటుతో గుణిస్తే చాలు. చాలా సులభం, కానీ ఇందులో ఒక లోపం దాగి ఉంది: ఈ పద్ధతిలో ఉద్గారం తగ్గాలంటే ఆవుల సంఖ్య తగ్గడం ఒక్కటే మార్గం. రైతు మేత మార్చినా, ఈతల మధ్య వ్యవధి తగ్గించినా, పాల దిగుబడి పెంచినా ఆ లెక్కలో గింజంత మార్పు కనిపించదు.

రెండో అంచెకు వెళ్లాలంటే జాతి, వయసు, బరువు, మేత, పాల దిగుబడి వారీగా మన పశువుల వివరాలు కావాలి. బెంగళూరు ఆడుగోడిలోని జాతీయ పశు పోషణ, శరీరధర్మ శాస్త్ర సంస్థలో మన పశువుల మీథేన్ మీద సాగిన పరిశోధనకు నా దృష్టిలో ఉన్న విలువ ఇదే. అది శాస్త్రంగా ఎంత అవసరమో, రైతు చేసిన మంచి పని జాతీయ పద్దులో కనబడటానికీ అంత అవసరం.

వరి సంగతీ అంతే. ఎప్పుడూ నీరు నిలిచి ఉన్న మడికి మార్గదర్శకాలు 1 అనే గుణకం ఇస్తే, పంటకాలంలో పలుసార్లు ఆరగట్టిన మడికి 0.52 ఇస్తాయి, అంటే మీథేన్ ఇంచుమించు సగం. కానీ సాగు రికార్డుల్లో విస్తీర్ణం, రకం, దిగుబడి ఉన్నంత పద్ధతిగా, మడికి నీళ్లు ఎన్నిసార్లు తీశారన్నది ఉండదు. ఎకరాలవారీగా ఆ వివరం లేకపోతే నేను ఆ పొలానికి పాత గుణకమే వేయాలి. ఇంత గొప్ప మార్పు రాయలేదన్న కారణంగా జాతీయ లెక్కకు అందకుండా పోవడం నన్ను నిజంగా బాధిస్తుంది.

అపోహ: ఇన్ని రిజిస్టర్లు ఎందుకు, ఉపగ్రహాలు అన్నీ కొలుస్తున్నాయి కదా.

వాస్తవం: ఉపగ్రహం చూసేది గాలిలో ఈ వాయువులు ఎంత సాంద్రతలో ఉన్నాయన్నది. పెద్ద గని నుంచో చెత్తగుట్ట నుంచో లీకయ్యే మీథేన్‌ను అది చక్కగా పట్టిస్తుంది. ఇన్వెంటరీని సరిచూసుకోవడానికి అది మంచి తోడు. పక్క రాష్ట్రం గాలిని ఈ రాష్ట్రం గాలి నుంచి, లారీ పొగను జనరేటరు పొగ నుంచి విడదీసి ఫలానా పథకం వల్ల ఇంత అని అది చెప్పలేదు.

అపోహ: నాటిన మొక్కలను లెక్కపెడితే పీల్చిన కార్బన్ తెలుస్తుంది.

వాస్తవం: నర్సరీ నుంచి వెళ్లిన మొక్క, గుంతలో పడిన మొక్క, మూడో వేసవి దాటి నిలిచిన మొక్క మూడు వేర్వేరు సంఖ్యలు, కార్బన్ లెక్కకు పనికొచ్చేది చివరిదే. జాతీయ స్థాయిలో లక్ష్యం 2030 నాటికి 250 నుంచి 300 కోట్ల టన్నుల అదనపు కార్బన్ డయాక్సైడ్‌ను అడవులు, చెట్లు పట్టి ఉంచాలన్నది. 2005తో పోలిస్తే 229 కోట్ల టన్నులు చేరామని 2023 అటవీ స్థితి నివేదిక చెప్పింది. ఇక్కడ టన్ను అంటే ఏమిటన్నది చూసుకోవాలి. అటవీ శాస్త్రం కార్బన్‌లో మాట్లాడుతుంది, వాతావరణ లక్ష్యం కార్బన్ డయాక్సైడ్‌లో మాట్లాడుతుంది. ఒకదాన్నుంచి మరొకదానికి మారాలంటే 3.67తో గుణించాలి. ఒక కార్యాలయం నుంచి మాకొచ్చిన పట్టికలో అప్పటికే మార్చిన అంకెను మరోసారి గుణించి ఉంది. గడి పైన ప్రమాణం రాయకపోవడమే అందుకు కారణం. పట్టికను ముగ్గురు సంతకం చేసి పంపారు, ఒక్కరూ గమనించలేదు.

అపోహ: మా అపార్ట్‌మెంట్ జనరేటరు డీజిల్ దేశం లెక్కలో ఎక్కడ ఉంటుంది, అంత చిన్నది ఎవరు రాస్తారు?

వాస్తవం: మా సంఘం సమావేశంలో వచ్చిన ప్రశ్న ఇది. దేశం ప్రతి జనరేటరునూ లెక్కపెట్టదు, అమ్ముడైన ఇంధనాన్ని లెక్కపెడుతుంది; కాబట్టి ఆ డీజిల్ మొత్తంలో తప్పకుండా ఉంది. అయితే బంకులో కొని డబ్బాల్లో తెచ్చిన డీజిల్ రవాణాకు వెళ్లిందా, జనరేటరుకు వెళ్లిందా, ట్రాక్టరుకు వెళ్లిందా అన్నది బిల్లులో ఉండదు. 2014లో వెల్లడైన ఒక దేశవ్యాప్త అధ్యయనం డీజిల్‌లో 70 శాతం రవాణాకు పోతోందని చెప్పింది. మిగతాదాన్ని రంగాల మధ్య పంచడానికి ఇలాంటి నమూనా సర్వేలే దిక్కు. మొత్తం సరైనదే అయినా పంపకం తప్పితే, విద్యుత్ బస్సులు వచ్చాక రవాణాలో ఎంత డీజిల్ తగ్గిందో, కరెంటు కోతలు తగ్గాక జనరేటర్లలో ఎంత తగ్గిందో విడదీసి చెప్పలేం. మా సంఘంవారు ఆ సమావేశం తరువాత జనరేటరు గది తలుపుకు ఒక నోటుబుక్కు వేలాడదీశారు. తేదీ, పోసిన లీటర్లు, నడిచిన గంటలు, పోసినవారి పేరు అని నాలుగు గడులు గీశాం. వాచ్‌మన్‌కు కన్నడం, తెలుగు రెండూ వచ్చు కనుక శీర్షికలు రెండు భాషల్లోనూ రాశాం.