నీళ్ల వేడి చూసి ఎర కట్టండి

తిరుపతి

చిరంజీవులు చిన్నా, బుజ్జీలకు తాతయ్య ఆశీస్సులు.

అక్కడ అమెరికాలో జనవరిలో మూడు రోజులు చెరువు గట్టున కూర్చున్నా ఒక్క బాస్ చేప (అక్కడి మంచినీటి వేటచేప) కూడా పడలేదని, కొన్న ఎరలన్నీ దండగేనని రాశారు. ఎరలు మంచివే. వాటికి అది కాలం కాదు.

చుట్టూ ఉన్న నీళ్ల వేడే చేప ఒంటి వేడి. మనలాగా లోపల వెచ్చదనం పుట్టించుకోలేదు. నీళ్లు చల్లబడితే దాని కదలిక, ఆకలి రెండూ మందగిస్తాయి. మీరేమో చిన్న చేపలా వడిగా ఈదే క్రాంక్‌బెయిట్ అనే ఎర లాగారు. దాన్ని తరిమే ఓపిక ఆ చలిలో చేపకు ఎక్కడిది? జిగ్, అంటే బరువు తల ఉన్న గాలపు ఎర, కట్టి అడుగుకు దించండి. జానెడు లాగి, పది అంకెలు లెక్కపెట్టి, మళ్లీ జానెడు లాగండి. గట్టిగా గుంజుతుందని ఎదురుచూడకండి. దారం కాస్త బరువెక్కినట్టు అనిపిస్తే చాలు, చేప పట్టిందన్నమాట.

వేసవిలో తెల్లవారుజామున, పొద్దువాలాక నీటిపై తేలే ఎర వేయండి. ఎండెక్కాక చేప నీడకో లోతుకో పోతుంది, అప్పుడు ప్లాస్టిక్ వానపాము. ఆకులు రాలే కాలంలో బాస్ చేపలు షాడ్ అనే చిన్న చేపల గుంపుల వెంట పడతాయి కాబట్టి వెండిలా మెరిసే స్పిన్నర్‌బెయిట్, అంటే గిర్రున తిరిగే రేకు ఉన్న ఎర, బాగా పనిచేస్తుంది.

వసంతం గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి. నీళ్లు దాదాపు 60 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే మన లెక్కలో దాదాపు 16 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే, మగ బాస్ ఒడ్డు దగ్గర తోకతో అడుగు ఊడ్చి గూడు చేస్తుంది. ఆడది గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. మగది కాపలా ఉంటుంది. అప్పుడు ఏ ఎర వేసినా అందుకుంటుంది. అది ఆకలి కాదు, గూటి దగ్గరికి వచ్చినదాన్ని తరిమికొట్టడం. దాన్ని పైకి లాగితే కాసేపటికే బ్లూగిల్ అనే చిన్న చేపలు గుడ్లు తినడానికి మీద పడతాయి.

నేనిది రాయలచెరువు గట్టున చూసి నేర్చుకున్నాను, కొర్రమీను దగ్గర. వానలకు చెరువు నిండాక ఎర్రటి పిల్లల గుంపు నీటిపై మెల్లగా కదిలేది. దాని కిందే తల్లీ తండ్రీ. కప్పను గుచ్చి ఆ గుంపులోకి విసిరితే కొర్రమీను పడటం ఖాయం. అందరికీ తెలిసిన కిటుకే. కానీ మా నాన్నగారు ఆ గుంపు కనబడగానే గాలం చుట్టి ఇంకో రేవుకు నడిచేవారు. కూర వండుకోవడానికి చేప లేని రోజుల్లో కూడా.

అందుకని మీరు కూడా వసంతంలో గూళ్లున్న లోతు తక్కువ చోటు వదిలి, లోతు మొదలయ్యే చోట గడ్డి పక్కన వేయండి. పొరపాటున గూటి చేప పడితే చేయి తడుపుకుని పట్టుకోండి, ఫొటో కోసం ఆగకుండా అక్కడే వదలండి.

ఎర రంగుల మాట అడిగారు. తేట నీళ్లకు సహజమైన రంగు, బురద నీళ్లకు ముదురు రంగు, అంతే. రకరకాల రంగుల ఎరలు కొనే డబ్బుతో ఒక థర్మామీటరు కొనండి. ఫిబ్రవరి నుంచి ప్రతి ఆదివారం నీళ్ల వేడి రాసి పంపండి. ఏ ఎర కట్టాలో ఇక్కడినుంచే చెబుతాను.

మీ తాతయ్య