సీసాలోకి చేరిన చెట్టు బంక

నిమ్మ, నారింజ రుచుల శీతల పానీయాల తయారీలో ఒక చిక్కుంది. ఆ పండ్ల వాసన నూనెలో ఉంటుంది, సీసాలో ఉండేదేమో నీరు. ఊరికే కలిపేస్తే కాసేపటికి నూనె పైకి తేలి సీసా మెడ దగ్గర ఉంగరంలా పేరుకుంటుంది. అలా తేలనివ్వకుండా పట్టి ఉంచేది ఒక చెట్టు బంక. పేరు గమ్ అరబిక్. లేబుళ్ల మీద ఇ-414 అని రాసేది దీన్నే. ఇందులో చాలా మటుకు చక్కెర గొలుసులే. ప్రోటీన్ సుమారు 2 శాతం, కానీ కీలకం అదే. అది నూనె బొట్టును అంటుకుంటే, చక్కెర గొలుసులు నీటిలోకి చాచుకుని బొట్లు ఒకదానితో ఒకటి కలవకుండా అడ్డుపడతాయి.

అరబ్బు వర్తకుల చేతుల మీదుగా యూరప్ చేరింది కాబట్టి ఆ పేరు. చెట్టు మాత్రం ఆఫ్రికాది, సహారాకు దక్షిణాన ఉన్న సాహెల్ మెట్ట నేలలది. అందరికంటే ఎక్కువ బంక వచ్చేది సుడాన్ నుంచి. తుమ్మకు దాయాది అయిన ఈ చెట్టును అక్కడ హషబ్ అంటారు. వానలు వెనకబట్టి ఆకు రాలే వేళకు రైతు కొమ్మల మీద బెరడును సన్నని పట్టీలుగా ఒలుస్తాడు. గాయాన్ని మూసుకోవడానికి చెట్టు బంక కారుస్తుంది. కొన్ని వారాలకు అది గట్టిపడి ఉండలు కడుతుంది. వాటిని చేత్తోనే ఏరాలి. ఇంతా చేస్తే ఒక చెట్టు నుంచి ఏడాదికి వచ్చేది కొన్ని వందల గ్రాములే.

సుడాన్‌లోని కొర్డొఫాన్ ప్రాంతపు రైతుల పాత పద్ధతి నాకు ముచ్చటగా తోస్తుంది. కొన్నేళ్లు జొన్న, సజ్జ, నువ్వులు పండించి, నేల సత్తువ తగ్గగానే పొలాన్ని హషబ్‌కు వదిలేసేవారు. పది పదిహేనేళ్లకు పైగా బంక తీసుకునేవారు. ఈలోగా వేళ్ల బుడిపెల్లోని బాక్టీరియా నేలకు నత్రజని సమకూర్చేది. తర్వాత చెట్లు కొట్టి మళ్లీ సాగు. బీడు పెట్టినా నాలుగు డబ్బులు వచ్చేవి. జనం పెరిగి, భూమి ఇరుకై, బీడు పెట్టే కాలం కుంచించుకుపోయింది.

ఆపైన 1970, 80 దశకాల కరువులు. చెట్లు ఎండిపోయి, సరుకు కరువై, ధర ఎగబాకింది. పానీయాల కంపెనీలు కొన్ని మార్పు చేసిన స్టార్చ్‌కు మళ్లాయి. ధర పెరిగితే కొనేవాడు జారుకుంటాడు, పడిపోతే రైతు గొడ్డలి తీస్తాడు, ఎందుకంటే హషబ్ మంచి బొగ్గు కూడా అవుతుంది. సాహెల్ పొడవునా పచ్చదనం పెంచి నేల ఎడారి కాకుండా ఆపేందుకు 2007లో ఆఫ్రికన్ యూనియన్ తలపెట్టిన మహా హరిత కుడ్యంలోనూ ఈ చెట్టుకు చోటుంది. మొక్క నాటడం అందులో తేలిక పని. కొన్నేళ్ల తర్వాత బంక మీద వచ్చే రాబడి బొగ్గు మీద వచ్చేదాన్ని మించకపోతే నాటినవాడే నరుకుతాడు, అతన్ని తప్పుపట్టలేం.

దీని అవసరం ఎంతటిదంటే, 1997లో సుడాన్‌పై ఆంక్షలు విధించిన అమెరికా తర్వాత బంకకు మినహాయింపు ఇచ్చుకుంది. 2023 ఏప్రిల్‌లో సుడాన్‌లో మొదలైన అంతర్యుద్ధం బంక పండే కొర్డొఫాన్, డార్ఫర్‌లనూ చుట్టేసింది. సరుకు దొంగదారిన సరిహద్దులు దాటుతోంది. బస్తాలో పడ్డాక ఏ ఉండ ఏ చెట్టుదో, దారిలో ఏ సాయుధుడికి సుంకం కట్టిందో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. సీసా మీద మాత్రం ‘సహజ పదార్థం’ అనే ఉంటుంది, అది అబద్ధమూ కాదు.