మైక్రాన్లు పెరిగాయి, ప్లాస్టిక్ తగ్గలేదు

కూరగాయల బండి దగ్గర కవర్ అడిగితే 'బ్యాన్ అయిందండీ' అంటూనే బండి కింద నుంచి ఒకటి తీసి ఇస్తారు. తప్పు బండివాడిదో, అడిగిన మనదో అనేసి అక్కడితో మాట ముగిస్తాం. ఆ కవర్ తయారుచేసిన ఫ్యాక్టరీ, దానికి ముడిసరుకు పంపిన పెట్రోకెమికల్ ప్లాంటు మన మాటల్లోకి రావు. చట్టాల్లోకి కూడా పెద్దగా రాలేదు. అలా ఎందుకు జరిగిందో చూడాలంటే 1999 నుంచి మొదలుపెట్టాలి.

ఆ ఏడాది కేంద్రం ప్లాస్టిక్ మీద మొదటిసారి దేశవ్యాప్తంగా వర్తించే నిబంధనలు తెచ్చింది. కొత్త ప్లాస్టిక్‌తో చేసే సంచి కనీసం 20 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) మందం ఉండాలన్నది అందులో ముఖ్యమైన షరతు. 2011లో దాన్ని 40 చేశారు, 2016లో 50. 2021 సెప్టెంబర్ 30 నుంచి 75, 2022 డిసెంబర్ 31 నుంచి 120. మందం పెంచడం వెనక ఒక లాజిక్ ఉంది. పల్చటి కవర్ పైసల్లో వస్తుంది, అందుకే దుకాణదారు ఉచితంగా ఇచ్చేస్తాడు. గాలికి ఎగిరి కాలువలో పడుతుంది. బరువు ఉండదు కనుక చెత్త ఏరుకునేవాళ్లు దాన్ని ముట్టుకోరు. మందంగా ఉంటే ఖరీదు పెరుగుతుంది, వాడకం తగ్గుతుంది, పాత సామాన్ల కొట్లో కాస్త ధర పలుకుతుంది.

వినడానికి బాగానే ఉంది. కానీ అదే సైజు సంచి 50 మైక్రాన్ల నుంచి 120కి వెళితే 2.4 రెట్లు ప్లాస్టిక్ పడుతుంది. సంచుల సంఖ్య సగానికి పైగా పడిపోతే తప్ప మొత్తం సరుకు తగ్గదు. అది తగ్గుతోందా లేదా అన్నది కొలిచే ఏర్పాటు ఈ నిబంధనల్లో లేదు. చెత్త లెక్కలు మాత్రం ఉన్నాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రకారం 2018-19లో దేశంలో వచ్చిన ప్లాస్టిక్ వ్యర్థాలు 33.6 లక్షల టన్నులు, 2020-21లో 41 లక్షల టన్నుల పైన. రాష్ట్రాలు లెక్కలు పంపడం మెరుగుపడిందనుకున్నా, తగ్గుదల అయితే కాదు.

2016 నిబంధనల్లో నిజంగా కరుకైనవి రెండు ఉండేవి. క్యారీ బ్యాగులు ఇవ్వాలనుకునే దుకాణం స్థానిక సంస్థ దగ్గర రిజిస్టర్ చేసుకుని నెలకు కనీసం 4 వేల రూపాయలు కట్టాలన్నది ఒకటి. చిప్స్, మసాలా ప్యాకెట్లలాగా పొరలు పొరలుగా ఉండి రీసైకిల్ కాని ప్లాస్టిక్‌ను రెండేళ్లలో ఆపేయాలన్నది రెండోది. 2018 సవరణలో మొదటిదాన్ని ఎత్తేశారు. రెండోదానికి కొన్ని మాటలు చేర్చారు. రీసైకిల్ కాకపోయినా, కాల్చి శక్తి తీయగలిగితే, లేదా ఇంకో పనికి వాడగలిగితే ఆపక్కర్లేదని దాని సారాంశం. సిమెంట్ బట్టీలో ఏ ప్యాకెట్ అయినా కాలుతుంది కదా! నా దృష్టిలో ఈ కథ మలుపు తిరిగింది 2022లో వచ్చిన ప్లాస్టిక్ వస్తువుల నిషేధం దగ్గర కాదు, ఎవరూ పెద్దగా పట్టించుకోని ఈ సవరణ దగ్గర.

ఒత్తిడి పెట్టినవాళ్లు లేకపోలేదు. పుట్టపర్తి కేంద్రంగా పనిచేసే కరుణ సొసైటీ, ఆవుల కడుపుల్లోంచి కిలోలకొద్దీ ప్లాస్టిక్ బయటికి తీయాల్సి రావడం చూసి, 2012లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. ప్లాస్టిక్ సంచుల్నే నిషేధించమని అడిగింది. పూర్తిగా ఆపకపోతే వచ్చే తరానికి ఇది అణుబాంబు కన్నా పెద్ద ముప్పు అవుతుందని విచారణలో ధర్మాసనం వ్యాఖ్యానించింది కూడా. పక్కనే బంగ్లాదేశ్ 2002లోనే పల్చటి పాలిథిన్ సంచుల్ని నిషేధించింది. 1998 వరదల్లో డ్రైనేజీలు పూడిపోయిన అనుభవం దానికి కారణం. నిషేధం అక్కడా సరిగ్గా అమలు కాలేదు. 2002లోనే ఐర్లాండ్ సంచికి 15 సెంట్ల పన్ను వేస్తే వాడకం 90 శాతం పడిపోయింది.

2022 జూలై 1 నుంచి మన దగ్గర ఒకసారి వాడి పారేసే వస్తువుల మీద నిషేధం వచ్చింది. స్ట్రాలు, ప్లాస్టిక్ చెంచాలు, కప్పులు, పళ్లాలు, ఇయర్ బడ్స్ పుల్లలు, స్వీట్ డబ్బాల మీద చుట్టే ఫిల్మ్, 100 మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్లు వగైరా. నీళ్ల సీసా, పాల ప్యాకెట్, షాంపూ సాషే జాబితాలో లేవు. వాటికి ఉత్పత్తిదారు బాధ్యత అనే పద్ధతి వర్తిస్తుంది. అంటే ఎంత అమ్మారో అందులో నిర్ణీత శాతం వెనక్కి సేకరించి రీసైకిల్ చేయించాలి. ఎంత అమ్మాలన్న దానికి పరిమితి లేదు. తిరుమల మాత్రం ఈ వరుసలో వేరు. కొండ మీద నీళ్ల సీసాలతో సహా ప్లాస్టిక్ ఆపారు, గాజు సీసాలు వచ్చాయి. ఒకే పాలన, ఘాట్ రోడ్డు మొదట్లోనే తనిఖీ ఉన్న చోట అది సాధ్యమైంది.

ఇప్పుడు అంతర్జాతీయంగా పోరు సరిగ్గా ఎంత తయారుచేయాలన్న పరిమితి గురించే. 1950లో ప్రపంచం చేసిన ప్లాస్టిక్ 20 లక్షల టన్నులు. 2019లో వాడినది 46 కోట్ల టన్నులని సంపన్న దేశాల కూటమి ఓఈసీడీ లెక్క. వ్యర్థాల్లో రీసైకిల్ అవుతున్నది 9 శాతమే. అందుకే 2022 మార్చి 2న నైరోబీలో, ప్లాస్టిక్ పుట్టుక నుంచి పారేసేదాకా మొత్తానికి వర్తించే ఒప్పందం చేసుకుందామని దేశాలు తీర్మానించాయి. 2024 చివర్లో బుసాన్‌లో పనామా ముందుకు తెచ్చిన ఉత్పత్తి తగ్గింపు ప్రతిపాదనను వందకు పైగా దేశాలు సమర్థించాయి. సౌదీ అరేబియా, రష్యా లాంటి చమురు దేశాలు ససేమిరా అన్నాయి. ముడి ప్లాస్టిక్ ఉత్పత్తిని నియంత్రించే చర్యల్ని సమర్థించలేమని, అది అభివృద్ధి హక్కుకు సంబంధించిందని భారత్ కూడా చెప్పింది.

ఆ వాదనను కొట్టిపారేయలేం. మన తలసరి వాడకం అమెరికాతో పోలిస్తే పదో వంతు దగ్గరే. కానీ 2024లో లీడ్స్ యూనివర్సిటీ పరిశోధకులు వేసిన అంచనాలో, సేకరణకు అందకుండా బయట పడేదీ, బహిరంగంగా కాల్చేదీ కలిపితే ప్రపంచంలో మొదటి స్థానం మనదే, ఏడాదికి 93 లక్షల టన్నులు. తలా కొంచెం వాడినా దాన్ని ఎత్తే మునిసిపాలిటీలకు శక్తి లేనప్పుడు, ఇంకా ఎక్కువ తయారుచేసుకునే హక్కు ఎవరికి లాభమో అడగాల్సిందే. చమురు కంపెనీలకు మాత్రం లెక్క స్పష్టంగా ఉంది. 2030 దాకా పెరిగే చమురు గిరాకీలో మూడో వంతుకు పైగా పెట్రోకెమికల్స్ నుంచే వస్తుందని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2018లోనే చెప్పింది. రామాయపట్నంలో ప్రభుత్వ చమురు సంస్థ బీపీసీఎల్ తలపెట్టిన భారీ ప్రాజెక్టులో రిఫైనరీతో పాటు పెట్రోకెమికల్ కాంప్లెక్స్ కూడా ఉంది.

2025 ఆగస్టులో జెనీవాలో మళ్లీ కూర్చున్నారు. 13న చర్చల అధ్యక్షుడు ఇచ్చిన ముసాయిదాలో ఉత్పత్తి పరిమితి ఊసే లేదు. చాలా దేశాలు అక్కడికక్కడే తిరస్కరించాయి. 15న ఒప్పందం లేకుండానే సమావేశం ముగిసింది.