‘వాళ్లు 82 మ్యాచ్‌లు ఆడతరంట గదా సార్’: బాస్కెట్‌బాల్ సీజన్ మీద అపోహలు – వాస్తవాలు

హన్మకొండలో పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పడం నా పని. అక్టోబర్ వచ్చిందంటే ఇక్కడ రెండు సీజన్లు కలిసిపోతాయి. అమెరికాలో వాళ్ల పెద్ద బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ మొదలవుతుంది. మన దగ్గర ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) సెలక్షన్లు, దసరా టోర్నమెంట్ల హడావిడి నడుస్తుంటుంది. అక్కడ రాత్రి మ్యాచ్ అంటే మనకు పొద్దుపొద్దున్నే, కాబట్టి పిల్లలు బడికి పోయే ముందే ఫోన్లో హైలైట్స్ చూసేసి వస్తారు. చూడనివ్వండి, దానితో నాకు పేచీ లేదు. అవి చూసి పెద్దవాళ్లు వేసుకునే లెక్కలతోనే నా బాధంతా.

అపోహ: ప్రొఫెషనల్ ఆటగాళ్లు ఏడాది పొడుగునా ఆగకుండా ఆడతారు. రెస్ట్ తీసుకుంటే మావాడు వెనకబడిపోతాడు.

ఈ మాట నేను వినని నెల లేదు. మోకాళ్ల విషయంలో మన పిల్లలకు దీనంత నష్టం చేసిన మాట ఇంకోటి లేదు. అందుకే మిగతావన్నీ పక్కనపెట్టి ముందు దీని సంగతి చూద్దాం.

ఎన్‌బీఏలో 30 జట్లు. ఒక్కో జట్టు అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా 82 మ్యాచ్‌లు ఆడుతుంది, సగం సొంత ఊళ్లో, సగం బయట. ఈ 82 అనే అంకె అందరికీ నోటికొచ్చు. ఏప్రిల్ తర్వాత ఏం జరుగుతుందో మాత్రం ఎవరూ అడగరు. ప్లేఆఫ్స్‌కు, అంటే టైటిల్ కోసం ఆడే చివరి దశకు రాని జట్టు ఏప్రిల్ మధ్యలో ఇంటికి పోతే మళ్లీ క్యాంప్‌కు వచ్చేది సెప్టెంబర్ చివర్లోనే. అంటే దాదాపు ఐదు నెలలు జట్టుగా మ్యాచ్‌లు లేవు. జూన్‌లో ఫైనల్స్ దాకా పోయిన జట్టుకైనా మూడు నెలలు దొరుకుతాయి. ఆ నెలల్లో మంచం మీద పడుకుంటారని కాదు. కొన్ని వారాలు ఒంటికి విశ్రాంతి ఇచ్చి, తర్వాత బరువులు, షూటింగ్, ఎవరికి లోపం ఉన్నచోట వాళ్లు సొంతంగా పని చేసుకుంటారు. సీజన్ మధ్యలో కూడా మనవాళ్లు అనుకున్నట్టు రోజూ ఆరు గంటల ప్రాక్టీస్ ఉండదు. మ్యాచ్ రోజు పొద్దున కాసేపు తేలికగా షూటింగ్, ఎదుటి జట్టు వీడియో, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం ఆట. చెమటలు కారేలా పూర్తిస్థాయి ప్రాక్టీస్‌కు తీరికే తక్కువ దొరుకుతుంది.

వరసగా రెండు రోజులు రెండు మ్యాచ్‌లు పడితే అక్కడ దాన్ని ‘బ్యాక్-టు-బ్యాక్’ అంటారు. కోచ్‌లు, డాక్టర్లు, టీవీలో మాట్లాడేవాళ్లు అందరూ దాని మీద చర్చ పెడతారు. మన దగ్గర ఆదివారం టోర్నమెంట్ అంటే పొద్దున లీగ్, మధ్యాహ్నం క్వార్టర్స్, ఎండ తగ్గాక సెమీస్. ఒకే రోజు మూడు, అదీ సిమెంట్ కోర్టు మీద, పద్నాలుగేళ్ల పిల్లలతో. నిర్వాహకులను అడిగితే రెండు రోజులు గ్రౌండ్ దొరకదంటారు. దొరకదు, నిజమే. కానీ మోకాలికి ఆ సంగతి తెలియదు కదా.

ఈ మధ్య ఒక తండ్రి వచ్చాడు. పరకాల వైపు రైతు, పత్తి, మిర్చి వేస్తాడు. కొడుకు తొమ్మిదో తరగతి, ఒక్క ఏడాదిలోనే నిలువునా పెరిగాడు. మంచి చేతులున్న పిల్లవాడు, రీబౌండ్‌కు, అంటే బుట్టలో పడక వెనక్కొచ్చే బంతికి లేస్తే ఆగడు. "సార్, వాళ్లు 82 మ్యాచ్‌లు ఆడతరంట. మావోడు రెండు టోర్నమెంట్లకే మోకాలంటుండు. పోరగాడు గట్టిగ లేడంటరా?" అని అడిగాడు. నేను జవాబు చెప్పకుండా పిల్లవాణ్ని గ్యాలరీ మెట్లు దిగి రమ్మన్నాను. అడ్డంగా తిరిగి, కుడికాలు ముందుపెట్టి, కడ్డీ పట్టుకుని దిగాడు. నిక్కరు పైకి లాగి చూస్తే మోకాలి చిప్పకు రెండు మూడు వేళ్ల కింద, ముందు ఎముక మీద ఒక బొడిపె. బొటనవేలితో మెల్లగా నొక్కానో లేదో కాలు లాగేసుకున్నాడు. దాని మీద అప్పటికే పసరు కట్టు కట్టించిన మరక కూడా ఉంది.

పొడుగు సాగే వయసులో ఎముక చివర ఇంకా లేతగా ఉంటుంది. తొడ కండరం లాగే లాగుడంతా వచ్చి పడేది సరిగ్గా అక్కడే. దూకిన ప్రతిసారీ, దిగిన ప్రతిసారీ అక్కడ ఈడ్చినట్టవుతుంది. ఈడ్చిన చోట నొప్పి, వాపు, తర్వాత బొడిపె. డాక్టర్లు దీన్ని ఆస్‌గుడ్-ష్లాటర్ అంటారు. భయపడాల్సిన జబ్బు కాదు, ఎదుగుదల ఆగాక చాలామందిలో తనంతట తనే సర్దుకుంటుంది. కానీ నొప్పి మీద ఆడిస్తూ పోతే వారాల్లో తగ్గేది నెలలకు సాగుతుంది. ఆ నెలల్లో పిల్లవాడు కుంటుతూ ఆడి ఇంకో కాలు మీద భారం వేస్తాడు, లేదా నొప్పి దాచిపెట్టడం నేర్చుకుంటాడు. నాకైతే రెండోదే ఎక్కువ టెన్షన్.

ఆ పిల్లవాడితో నోట్‌బుక్ చివరి పేజీలో ఒక వారం ఆట మొత్తం రాయించాను. పొద్దున పీఈటీ సార్ దగ్గర స్కూల్ టీమ్ ప్రాక్టీస్. సాయంత్రం మా దగ్గర. శనివారం ఊళ్లో యూత్ వాళ్లతో. ఆదివారం టోర్నమెంట్. నడుమ జిల్లా అసోసియేషన్ సెలక్షన్ క్యాంప్ ఒకటి. రాసేసరికి వారంలో ఒక్క గడి కూడా ఖాళీ మిగల్లేదు. పీఈటీ సార్‌కు మా ప్రాక్టీస్ లెక్క తెలియదు, మాకు ఊరి మ్యాచ్‌ల సంగతి తెలియదు. ఎవరి లెక్కలో చూసినా ఆ పిల్లవాడు కొంచెమే ఆడుతున్నాడు. ప్రొఫెషనల్ జట్టుకూ మనకూ అసలు తేడా ఇక్కడ ఉంది. అక్కడ ఒక ఆటగాడు ఎన్ని నిమిషాలు ఆడాడు, ఎంత పరిగెత్తాడు అని లెక్క కట్టే మనిషి జట్టులోనే ఉంటాడు. మన పిల్లవాడి లెక్క ఎవరి దగ్గరా లేదు.

తండ్రి ఆ పేజీ రెండుసార్లు చూసి, "అంటే మోటరు బంద్ చెయ్యకుంట నడిపితే కాయిల్ కాలినట్టా సార్?" అన్నాడు. నేను అంత బాగా చెప్పేవాణ్ని కాదు.

అతనికి చెప్పిందే ఇక్కడా చెబుతున్నా. ఈ నొప్పికి పూర్తిగా మంచం పట్టించక్కర్లేదు. దూకడం, వేగంగా పరిగెత్తి టక్కున ఆగడం, ఈ రెండూ కొన్ని వారాలు మానాలి. నిలబడి ఫ్రీ త్రోలు (ఎవరూ అడ్డుకోకుండా గీత దగ్గర నుంచి వేసే షాట్లు) వేయొచ్చు, డ్రిబ్లింగ్, పాసింగ్ చేయొచ్చు. నొప్పి ఉన్నచోట గుడ్డలో ఐసు చుట్టి పెట్టాలి. తొడ ముందు, వెనక కండరాలు సాగదీసే వ్యాయామం రోజూ చేయాలి. పసరు కట్లు, మాలిష్‌లు, లాగి సరిచేయడాలు వద్దు. రాత్రి నిద్రలో నొప్పి లేచినా, మోకాలు ఇరుక్కుపోయినట్టు అయినా, మోకాలంతా వాచినా, దెబ్బ తగిలి కాలు మోపలేకపోయినా నన్ను అడగొద్దు, నేరుగా ఎముకల డాక్టర్ దగ్గరికి పోండి. ఇక వారానికి కనీసం ఒక రోజు బంతి ముట్టకూడదు. ఏడాదిలో రెండు మూడు నెలలు, ఒకేసారి కాకపోయినా విడతలుగా, ఈ ఆట ఆపి వేరే ఏదైనా ఆడుకోనివ్వాలి. ఇది నా సొంత సిద్ధాంతం కాదు, అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం చెప్పే మాటే. సాక్షాత్తూ ఎన్‌బీఏ కూడా పిల్లల కోసం ఇచ్చిన సూచనల్లో వారానికి ఒక రోజు సెలవు ఉండాలనీ, పద్నాలుగేళ్లు వచ్చేదాకా ఒక్క ఆటకే కట్టిపడేయొద్దనీ చెప్పింది. 82 మ్యాచ్‌లు ఆడించే లీగే ఈ మాట అంటోందని గమనించండి.

"స్టార్లు రెస్ట్ తీసుకుంటే లీగే ఊరుకోదు కదా" అని కాస్త తెలిసినవాళ్లు వాదిస్తారు. నిజమే. 2012 నవంబర్‌లో శాన్ ఆంటోనియో స్పర్స్ జట్టు మయామీతో మ్యాచ్‌కు ముందు నలుగురు ముఖ్యమైన ఆటగాళ్లను ఇంటికి పంపితే లీగ్ రెండున్నర లక్షల డాలర్ల జరిమానా వేసింది. టికెట్ కొన్నవాళ్లకు స్టార్లు కనపడాలి, అది వ్యాపారం. 2023-24 సీజన్ నుంచి పెద్ద అవార్డులు కావాలంటే కనీసం 65 మ్యాచ్‌లు ఆడాలన్న నిబంధన కూడా పెట్టారు. దాన్నే తిరగేసి చూడండి: 17 మ్యాచ్‌లు మానేసినా లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడు కావచ్చు. 2018-19లో టొరంటో రాప్టర్స్ కవాయ్ లెనార్డ్‌ను 82లో 60 మ్యాచ్‌లే ఆడించింది. ఆ ఏడాది టైటిల్ ఆ జట్టుదే, ఫైనల్స్‌లో అత్యుత్తమ ఆటగాడు అతనే.

ఎన్‌బీఏ స్టార్ కోబీ బ్రయంట్ తెల్లవారకముందే లేచి ప్రాక్టీస్ చేసేవాడన్న రీల్స్ మా పిల్లల ఫోన్లన్నిటిలో ఉంటాయి. అది అబద్ధమేం కాదు. 2013 ఏప్రిల్‌లో జట్టును ప్లేఆఫ్స్‌కు చేర్చాలని అతను దాదాపు మ్యాచ్ మొత్తం ఆడుతూ వచ్చాడు. పోర్ట్‌లాండ్ మీద 48 నిమిషాలకు 48 నిమిషాలూ కోర్టులోనే ఉండి 47 పాయింట్లు కొట్టాడు. రెండు రోజులకు, తర్వాతి మ్యాచ్‌లో మడమ వెనక అకిలిస్ టెండన్ తెగింది. ఎక్కువ ఆడటం ఒక్కటే కారణమని నేననను, అప్పటికి వయసు 34. కానీ ఆ భాగం ఏ రీల్‌లోనూ కనపడదు.

మా రోజుల్లో ఈ మాటలు చెప్పేవాళ్లే లేరు. ఇంటర్ కాలేజ్ ఆడేటప్పుడు నాకు మోకాలు వాస్తే అప్పటి మా కోచ్ స్ప్రే కొట్టి, "జట్టు కోసం ఆడాలిరా" అని భుజం తట్టి పంపేవాడు. ఆ మాటకు ఒళ్లు పులకరించేది కూడా. ఇప్పుడు మడికొండ మెట్టుగుట్ట ఎక్కడం పర్వాలేదు గానీ, దిగేటప్పుడు మా ఆవిడ ముందుపోయి కింద నిలబడి నవ్వుతూ ఎదురుచూస్తుంటుంది.

ఇక మిగతావి గబగబా.

బాస్కెట్‌బాల్ ఆడితే పొడుగవుతారా? అవ్వరు. పొడుగువాళ్లను కోచ్‌లు ఏరుకుంటారు, అందుకే కోర్టులో అందరూ పొడుగ్గా కనపడతారు. ఎత్తు అమ్మానాన్నల నుంచి వస్తుంది. తిండి, నిద్ర సరిగ్గా ఉంటే రావాల్సింది వస్తుంది. ఎత్తు పెంచే పొడులకు పెట్టే డబ్బుతో గుడ్లు, పాలు కొనండి.

అమ్మాయిలు దూకకూడదా? హాయిగా దూకొచ్చు. మోకాలి లోపలి లిగమెంట్ తెగే ప్రమాదం ఈ ఆటలో అబ్బాయిల కన్నా వాళ్లకు ఎక్కువన్నది నిజం. అందుకే దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలకుండా, వంచి మెత్తగా దిగడం ముందు నేర్పాలి. ఆట మాన్పించడం దానికి మందు కాదు.

కాలు బెణికితే లాగి ‘సెట్’ చేయించాలా? వద్దు. ఐసు, క్రేప్ బ్యాండేజ్, కాలు ఎత్తులో పెట్టుకోవడం. నాలుగు అడుగులు కూడా వేయలేకపోతుంటే ఎక్స్‌రే.

వరసగా ఓడితే కోచ్‌ను మార్చాలా? ఇది నా పొట్ట మీద దెబ్బ కాబట్టి కొంచెం కోపంగానే చెబుతాను. 2021-22లో బోస్టన్ సెల్టిక్స్ ఒక దశలో 18 గెలిచి 21 ఓడింది. అదే జట్టు, అదే కోచ్, ఆ ఏడాది ఫైనల్స్ ఆడారు. ఇంకోవైపు 2015-16లో గోల్డెన్ స్టేట్ జట్టు 73 గెలిచి 9 మాత్రమే ఓడి రికార్డు కొట్టి, ఫైనల్స్‌లో మూడు గెలిచి ఒకటే ఓడి ముందుండి కూడా క్లీవ్‌లాండ్ చేతిలో టైటిల్ పోగొట్టుకుంది. జోనల్స్‌లో రెండు మ్యాచ్‌లు పోతే గ్రూపులో నా మీద మెసేజ్‌లు పెట్టేవాళ్లు ఇది ఒకసారి చదవండి.

ప్రొఫెషనల్ లీగ్‌లో చేరితే జీవితం సెటిలా? మన దేశంలో 2015లో యూబీఏ అనే లీగ్ మొదలైంది, అందులో హైదరాబాద్ స్కై అనే జట్టూ ఉండేది. 2017 తర్వాత ఆ లీగ్ ఆగిపోయింది. బాస్కెట్‌బాల్‌తో మన దగ్గర చాలామందికి అన్నం పెట్టింది రైల్వేస్, సర్వీసెస్, బ్యాంకుల జట్లు. వాటికి ఆటతో పాటు డిగ్రీ కూడా చేతిలో ఉంటే మంచిది, చదువు మాన్పించకండి.

చివరిగా, వాట్సాప్‌లో తిరిగే "ఎన్‌బీఏ ట్రయల్స్, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి" అనే మెసేజ్. దీన్ని నమ్మి అప్పుచేసి కట్టినవాళ్లు నాకు తెలుసు, వాళ్లను తిట్టడానికి నాకు నోరు రాదు. కానీ దాన్ని తయారుచేసినవాణ్ని తిట్టడానికి మాత్రం బాగా వస్తుంది. ఎన్‌బీఏలోకి పోయే పెద్ద దారి డ్రాఫ్ట్, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకోవడం. రెండు రౌండ్లు, 30 జట్లు, ఏడాదికి దాదాపు 60 మందికే చోటు, 19 ఏళ్లు నిండే ఏడాది దాకా ఎవరినీ తీసుకోరు. భారతదేశం నుంచి డ్రాఫ్ట్ అయిన మొదటివాడు పంజాబ్ కుర్రాడు సత్నామ్ సింగ్. 2015లో 52వ పేరుగా డల్లాస్ జట్టు తీసుకుంది. ఏడడుగులు దాటిన మనిషి, పద్నాలుగేళ్లకే స్కాలర్‌షిప్ మీద ఫ్లోరిడా అకాడమీకి పోయి అక్కడ శిక్షణ తీసుకున్నాడు. అంతటివాడికి కూడా ఎన్‌బీఏ సీజన్‌లో ఒక్క మ్యాచ్ ఆడే అవకాశం రాలేదు. ఎనిమిదో తరగతి పిల్లవాణ్ని రిజిస్ట్రేషన్ ఫీజు తీసుకుని అక్కడికి పంపుతామంటే అది మోసమే. ఆ మెసేజ్ వస్తే డబ్బు కట్టే ముందు మీ పీఈటీ సార్‌కో, నాకో ఒకసారి చూపించండి. పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా కోర్టులోనే ఉంటాను, ఆదివారం తప్ప.